ముళ్ళ కంచెకు కాపు రావాలంటే

బ్రిటన్, ఐర్లండ్ దేశాల పల్లెల్లో పొలాల గట్ల వెంట మైళ్ళకొద్దీ సాగే జీవకంచెలలో, అంటే రాతితోనో ఇనుప తీగతోనో కాక బతికున్న పొదలతోనే అల్లుకున్న కంచెలలో, హాథార్న్‌తో పాటు తరచుగా కనిపించేది బ్లాక్‌థార్న్ అనే నల్లబెరడు ముళ్ళపొద. ప్రూనస్ స్పైనోసా అన్న పేరుతో 1753లో లిన్నేయస్ నమోదు చేసిన ఈ మొక్క గులాబీ కుటుంబానికి చెందినది. బాదం, పీచ్, చెర్రీ, ఆల్బకరా పండ్లున్న ప్రజాతే దీనిదీ. హైదరాబాదు విందుల్లో ఖుబానీ కా మీఠాగా వడ్డించే ఆప్రికాట్‌కు ఇది దగ్గరి చుట్టమే అయినా ఆ తీపిలో దీనికి వాటా దక్కలేదు. శరత్కాలంలో ఈ పొదకు కాసే స్లో అనే చిన్న పండు చూడటానికి నీలిరంగు ద్రాక్షలా నోరూరించినా, కొరికిన మరుక్షణం నాలుక పిడచకట్టుకుపోయేంత వగరు.

యూరప్‌లో అధిక భాగం, పశ్చిమాసియా, వాయవ్య ఆఫ్రికా దీని పుట్టిళ్ళు. సున్నపు నేలలోనూ బరువైన బంకమట్టిలోనూ పెరుగుతుంది, సముద్రపు గాలికి వెరవదు, నీరు నిలిచే నేలనూ బాగా పులిసిన ఆమ్ల నేలనూ మాత్రం ఓర్వదు. ఇంత మొండి మొక్కకు సంరక్షణ ఎందుకన్న సందేహం సహజమే. అయితే రైతుకు కావలసింది నిర్ణీతమైన వెడల్పులో నిలిచే కంచె కాగా, మొక్క స్వభావం నాలుగు దిక్కులా పాకి పొదల అడవిగా మారడం. పైగా ఏటేటా నున్నగా కత్తిరిస్తే పూతా కాపూ పోతాయి, అసలు కత్తిరించకపోతే అడుగుభాగం బోసిపోయి, మేకలూ గొర్రెలూ దూరేంత గండ్లు పడతాయి. ఎప్పుడు కోయాలి, ఎంత కోయాలి, ఎన్నేళ్ళకొకసారి కోయాలి అన్న మూడు ప్రశ్నల చుట్టూనే బ్లాక్‌థార్న్ పెంపకమంతా తిరుగుతుంది.

పూర్తిగా ఎదిగిన పొద నాలుగైదు మీటర్ల ఎత్తు ఉంటుంది. దీని ముల్లు గులాబీ ముల్లులా పైతోలు మీద మొలిచినది కాదు. చిన్న పక్కకొమ్మే చివర సన్నగిల్లి, గట్టిపడి, ప్రధాన కొమ్మకు ఇంచుమించు లంబంగా నిలిచి ముల్లుగా మారుతుంది. అది కొమ్మే కనుక దాని మీద మొగ్గలు వస్తాయి, పూలు పూస్తాయి, ఆకులు తొడుగుతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆకు ఒక్కటి కూడా రాకముందే ఒకటిన్నర సెంటీమీటరు వెడల్పున్న అయిదు రేకుల తెల్లని పూలు కొమ్మ కనిపించనంత దట్టంగా విచ్చుకుంటాయి. హాథార్న్ ఇందుకు విరుద్ధంగా ముందు ఆకు తొడిగి, మే నెలలో పూస్తుంది కాబట్టి, ఆకు లేని నల్లకొమ్మ మీద తెల్లపూత కనబడితే అది బ్లాక్‌థార్న్ అని పల్లెజనం గుర్తిస్తారు. ఈ గుర్తు కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది; చెర్రీ ప్లమ్ అనే మరో చుట్టం ఇంకా ముందే, ఫిబ్రవరి చివరికే తెల్లగా పూసి, చాలామంది చేత బ్లాక్‌థార్న్ అనిపించుకుంటుంది. దాని లేత కొమ్మలు ఆకుపచ్చగా ఉండటం, ముళ్ళు అరుదుగా ఉండటం గమనిస్తే ఆ పొరపాటు జరగదు.

పూత సమయంలో ఉత్తరపు గాలి వీచి చలి తిరగబెట్టడం ఆ దేశాల్లో మామూలు. దానిని అక్కడి రైతులు బ్లాక్‌థార్న్ శీతాకాలం అని పిలుస్తారు. ఆ చలి కాపు మీద నేరుగా దెబ్బ కొడుతుంది. పూసిన పూలు రాత్రి మంచుకు మాడిపోతే ఆ ఏడు పండ్లు ఉండవు. మాడకపోయినా, ఒక పొద పుప్పొడి అదే పొద పూలను చాలావరకు ఫలదీకరించలేదు కనుక ఒక పొద నుంచి మరో పొదకు పుప్పొడిని మోసే పురుగులు తిరగాలి. నిద్ర నుంచి అప్పుడే లేచిన రాణి తుమ్మెదలకూ, తొలి వసంతపు ఒంటరి తేనెటీగలకూ, పూల ఈగలకూ ఆ రోజుల్లో దొరికే కొద్దిపాటి ఆహారంలో ఈ పూత ముఖ్యమైనది. చలికి అవి బయటికి రాకపోతే వాటికి తిండీ లేదు, పొదకు కాపూ లేదు. ఇంకొక చిక్కు కూడా ఉంది. వేరు పిలకల ద్వారా ఒకే మొక్క నుంచి వ్యాపించిన కంచె ఎంత పొడవున్నా జన్యుపరంగా అది ఒకే మొక్క. అలాంటి కంచె విరగబూసి కూడా కాయ నిలుపుకోకపోవచ్చు. పండ్ల కోసం కంచె నాటేవారు విత్తనం నుంచి పెరిగిన వేర్వేరు మొక్కలను కలిపి నాటడం అందుకే మేలు.

ఇంగ్లండులో నేడు కనిపించే కంచెలలో పెద్ద భాగం 1750 నుంచి 1850 దాకా సాగిన భూముల ఆవరణ కాలానికి చెందినది. అంతకు ముందు ఊరుమ్మడిగా దున్నుకుంటూ, ఉమ్మడిగా పశువులను మేపుకుంటూ వచ్చిన విశాలమైన పొలాలను పార్లమెంటు చట్టాలతో విడగొట్టి, ఎవరి వాటాకు వారు హద్దు వేసుకోవాలని నిర్బంధించినప్పుడు, అన్నిటికన్నా చౌకగా దొరికిన హద్దు ముళ్ళమొక్క. ఆ నూరేళ్ళలో రెండు లక్షల మైళ్ళ పొడవున కంచెలు నాటి ఉంటారని చరిత్రకారుడు ఆలివర్ రాక్‌హమ్ అంచనా వేశాడు. వాటిలో అధిక భాగం త్వరగా ఎదిగే హాథార్న్‌దే అయినా, ముళ్ళ పదునులోనూ చిక్కదనంలోనూ బ్లాక్‌థార్న్‌ది పైచేయి. ఉమ్మడి బీళ్ళ మీద హక్కు కోల్పోయిన కూలిజనానికి ఆ పచ్చని గోడలు అన్యాయపు గీతలుగా కనిపించాయి. నార్తాంప్టన్‌షైర్ గ్రామీణ కవి జాన్ క్లేర్ ఆ బాధనే కవితలలో రాసుకున్నాడు. ఈనాడు ప్రకృతి ప్రేమికులు ప్రాణపదంగా కాపాడుకుంటున్న కంచెలు ఒకనాడు పేదవాడిని పొలం బయట నిలబెట్టడానికి నాటినవన్న సంగతిని పర్యావరణ గ్రంథాలు సాధారణంగా ఒక వాక్యంతో దాటవేస్తాయి. అది అంత తేలిగ్గా దాటవేయదగినది కాదు.

అంతకన్నా పాత కంచెలూ లేకపోలేదు. ముప్పై గజాల పొడవులో ఎన్ని జాతుల చెట్లూ పొదలూ ఉంటే ఆ కంచెకు సుమారు అన్ని వందల ఏళ్ళు అని మాక్స్ హూపర్ అనే పరిశోధకుడు ఒక లెక్క చెప్పాడు. హూపర్ సూత్రంగా పేరుబడిన ఈ లెక్క అన్ని ప్రాంతాలకూ సరిపోదని తరువాతి వారు చూపించినా, కంచె వయసు పెరిగేకొద్దీ అందులోకి కొత్త జాతులు వచ్చి చేరతాయన్న మూలసూత్రం మాత్రం నిలిచింది.

ముళ్ళకంచె మీద ఇంగ్లీషువారికున్న ఈ నమ్మకం భారతదేశానికి కూడా వచ్చింది. ఉప్పు పన్ను ఎగవేతను అరికట్టడానికి వలస ప్రభుత్వం పంజాబు ప్రాంతం నుంచి ఒరిస్సా దిక్కుగా వేల మైళ్ళ సుంకపు సరిహద్దు ఏర్పరచి, అందులో కొన్ని వందల మైళ్ళ పొడవున జీవకంచె పెంచింది. మొదట ఎండుకంపతో వేసిన ఆ అడ్డును బతికే కంచెగా మార్చిన అధికారి ఆలన్ ఆక్టేవియన్ హ్యూమ్. 1885లో జాతీయ కాంగ్రెసు స్థాపనకు పూనుకున్నవాడూ ఆయనే. ఆ వేడి నేలలో బ్లాక్‌థార్న్ బతకదు కనుక దాని స్థానంలో తుమ్మ, రేగు, వాక్కాయ, నాగజెముడు, జెముడు పనిచేశాయి. 1879లో ఆ సరిహద్దు రద్దయ్యాక కంచె కాలగర్భంలో కలిసిపోయింది. పోషించే మనిషి తప్పుకున్నాక జీవకంచె ఎంత త్వరగా మాయమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ దొరకదు.

బ్లాక్‌థార్న్ నాటడానికి అనువైన కాలం నవంబరు నుంచి మార్చి ఆరంభం వరకు, అంటే ఆకు రాలి మొక్క నిద్రలో ఉన్న రోజులు. నర్సరీలు ఆ కాలంలో కుండీ గానీ మట్టి గానీ లేకుండా, 40 నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తున్న సన్నని నారుమొక్కలను వట్టి వేళ్ళతో పెరికి కట్టలుగా అమ్ముతాయి. ఇవి కుండీ మొక్కలకన్నా బాగా చౌక, నాటుకునే శక్తిలోనూ వాటికి తీసిపోవు. అయితే పెరికినప్పటి నుంచి నాటేదాకా వేళ్ళకు గాలి తగిలి ఆరిపోకుండా తడిగోనె కప్పి ఉంచడం తప్పనిసరి. ఎక్కువ మొక్కలు చనిపోయేది చలికి కాదు, ఆ అరగంట అశ్రద్ధకు. మొక్కలను రెండు వరుసలుగా, ఒక వరుసలోని మొక్క రెండో వరుసలోని సందుకు ఎదురుగా వచ్చేట్టు, మీటరుకు మొత్తం అయిదు చొప్పున నాటుతారు; వరుసల నడుమ ఒక అడుగు గానీ కొంచెం ఎక్కువ గానీ ఎడం ఉంచుతారు. నాటిన వెంటనే మొక్కను జానెడుకు మించకుండా తల నరికివేయడం చూసి కొత్తవారు కంగారు పడతారు. కానీ కంచెకు ప్రాణం అడుగునే ఉంది. ఆ నరుకుడు వల్ల నేలమట్టంలోనే నాలుగైదు కొమ్మలు చీలి, కుందేలు కూడా దూరలేని చిక్కదనానికి అప్పుడే పునాది పడుతుంది. కుందేళ్ళు లేత బెరడు కొరికేయకుండా మొదటి కొన్నేళ్ళు ప్రతి మొక్కకూ తొడుగు వేయడం, వరుసకు ఇరువైపులా మీటరు వెడల్పున గడ్డి పెరగకుండా చెక్కపొట్టు పరచడం, రెండు మూడు వేసవులు కలుపు తీయడం పూర్తయితే ఆ తరువాత మొక్క తన సంగతి తాను చూసుకుంటుంది.

కంచె మొత్తం బ్లాక్‌థార్న్‌తోనే నాటడం మాత్రం అనుభవజ్ఞులు అంతగా మెచ్చరు. హాథార్న్ ప్రధానంగా ఉండి, హేజెల్, అడవి గులాబీ, ఫీల్డ్ మేపుల్ వంటి వాటి నడుమ బ్లాక్‌థార్న్ అయిదో వంతో పదో వంతో ఉండే మిశ్రమాన్నే సాధారణంగా సిఫారసు చేస్తారు. కారణం దాని వేళ్ళు. అవి నేలకు కొద్ది లోతులోనే అడ్డంగా పాకుతూ, తల్లిమొక్కకు దూరంగా ఎక్కడికక్కడ పిలకలు లేపుతాయి. పట్టించుకోకుండా వదిలేస్తే కొన్నేళ్ళకు గట్టు దాటి పొలంలోకి మీటర్ల దూరం చొచ్చుకువచ్చి, కంచే చేను మేసిందన్న మాటను అక్షరాలా నిజం చేస్తాయి. పిలకలను అదుపు చేసే మార్గాలు పాతవే: కంచె పక్కన పశువులను మేపడం, లేదా ఆ గట్టును ఏటా రెండు మూడుసార్లు గడ్డితో సహా కోయడం. లేత పిలకకు ముల్లు గట్టిపడకముందు గొర్రె దానిని ఇష్టంగానే తింటుంది. గట్టిపడ్డాక గొర్రె సరికదా, ట్రాక్టరు చక్రపు గాలిగొట్టం కూడా దానికి లొంగిపోతుంది. నేలకు, పశువులకు కొదవ లేనిచోట ఆ పిలకలను రెండు మూడు మీటర్ల దాకా రానివ్వడమే మంచిదని ఇటీవలి ప్రకృతి పరిరక్షకులు వాదిస్తారు, ఎందుకంటే నైటింగేల్ వంటి పక్షులు గూడు కట్టుకునేది పక్కలకు పాకిన అలాంటి చిక్కని పొదలోనే.

కోత విషయంలో చూడవలసిన కీలకం ఒకటుంది. బ్లాక్‌థార్న్ పూలు ఆ ఏడు పుట్టిన చిగురు మీద రావు. కిందటి ఏడు ఎదిగిన కొమ్మ మీదా, అంతకన్నా పాత కొమ్మలకుండే పొట్టి పూరెమ్మల మీదా వస్తాయి. ట్రాక్టరుకు తగిలించిన కోతయంత్రంతో ప్రతి ఏడూ అదే ఎత్తున, అదే వెడల్పున కంచెను చెక్కితే, పూయవలసిన కొమ్మ పూయకముందే తుక్కై నేల రాలుతుంది. అటువంటి కంచె చూడటానికి గీత గీసినట్టుంటుంది. దానికి పూత ఉండదు, పండు ఉండదు, ఏటా అదే చోట దెబ్బ తిని తిని కొమ్మల చివరలు కణుపులు కట్టి, అడుగున క్రమంగా బోసిపోతుంది. పొలం పనులు చక్కబెట్టుకునే రైతుగా ఇరుగుపొరుగు ముందు కనిపించాలన్న కోరికే ఈ ఏటేటి కోతకు చాలాచోట్ల అసలు కారణం. దాని వల్ల డీజిలు, కూలి ఖర్చవడమే తప్ప పంటకు ఒరిగేదేమీ లేదు. రెండు మూడేళ్ళకొకసారి మాత్రమే, అదీ శీతాకాలం చివరలో, పక్షులు పండ్లు తినేశాక కోయడం, కోసిన ప్రతిసారీ కిందటి గీతకన్నా కొద్ది సెంటీమీటర్లు బయటికి వదిలి కోయడం, ఒకే ఏడు కంచె అంతా కాకుండా వంతులవారీగా మూడో వంతు చొప్పున కోయడం ఇప్పుడు నిపుణులు ఇచ్చే సలహా.

ఈ సలహా వెనుక ఉన్నది మనిషికి కావలసిన పండు ఒక్కటే కాదు. బ్రౌన్ హెయిర్‌స్ట్రీక్ అనే సీతాకోకచిలుక తన గుడ్లను దాదాపుగా బ్లాక్‌థార్న్ లేత కొమ్మల మీదే పెడుతుంది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఆడ సీతాకోకచిలుక ఎండ తగిలే వైపు, కంచె అంచున పొడుచుకువచ్చిన ఒకటి రెండేళ్ళ కొమ్మను ఎంచుకొని, మొగ్గ మొదట్లోనో కొమ్మ చీలిన పంగలోనో ఒక్కొక్కటిగా గుడ్డు పెట్టి వెళ్ళిపోతుంది. గసగసాల గింజంత ఉండే ఆ తెల్లని గుడ్డు, భూతద్దంలో చూస్తే పైనంతా గుంతలు గుంతలుగా చెక్కినట్టుండే ఆ గుడ్డు, ఎనిమిది నెలలపాటు అక్కడే చలికాలం గడిపి, ఏప్రిల్ చివర, మే నెలల్లో లేత ఆకు వచ్చే వేళకు పగులుతుంది. నల్లని వట్టి కొమ్మ మీద తెల్లచుక్క కనుక, ఎక్కడో చెట్ల కొనల్లో తిరిగే సీతాకోకచిలుకను వెతకడంకన్నా చలికాలంలో గుడ్లను వెతకడమే తేలిక. అందుకే ఆ జాతి ఎక్కడెక్కడ మిగిలి ఉందో లెక్కించే స్వచ్ఛంద కార్యకర్తలు జనవరి చలిలో భూతద్దాలు పట్టుకొని కంచెల వెంట నడుస్తారు. ఆ గుడ్డు ఉండేది సరిగ్గా కోతయంత్రం చెక్కివేసే కొసకొమ్మ మీద. ఏటా యంత్రం తిరిగిన కంచెలో ఆ తరం గుడ్లు దాదాపుగా అంతరిస్తాయి. మూడేళ్ళ వంతుల కోతలో మూడింట రెండు వంతుల కంచె ఏ ఏటికా ఏడు వాటికి మిగిలి ఉంటుంది. ఈ సీతాకోకచిలుక దాయాది బ్లాక్ హెయిర్‌స్ట్రీక్ ఇంకా పేచీకోరు. ఆక్స్‌ఫర్డ్ నుంచి పీటర్‌బరో వరకున్న బంకమట్టి ప్రాంతపు అడవుల అంచుల్లో, నాచు పట్టిన ముసలి పొదలుంటే తప్ప నిలవదు. అంటే ఒక జాతికి లేత కొమ్మా, మరొక జాతికి పాత పొదా కావాలి. రెండూ ఉండాలంటే కంచె అంతా ఒకే వయసులో ఉండకూడదు.

కోత ఎంత జాగ్రత్తగా చేసినా పదిహేను ఇరవై ఏళ్ళకు కంచె పైకి పైకి ఎదిగి, కింద సందులు పడటం తప్పదు. అప్పుడు చేసే వైద్యం కంచె పరుండబెట్టడం. అక్టోబరు నుంచి మార్చి దాకా సాగే ఈ పనిలో కార్మికుడు మూడు నాలుగు మీటర్లు ఎదిగిన ఒక్కో కాండాన్నీ నేలకు దగ్గరగా, మచ్చుకత్తితో పైనుంచి కిందికి ఏటవాలుగా నరుకుతాడు. నరుకుడు మూడు వంతులు దాటి, ఇంచుమించు కాండమంతా తెగినట్టే అనిపిస్తుంది; చివరికి పలుచని నాలుకలా కొద్దిపాటి చెక్క, దానినంటిన బెరడు మాత్రం మిగులుతాయి. అప్పుడు కాండాన్ని మెల్లగా వంచి, పక్కవాటి మీదకు ఏటవాలుగా, నేల వాలుగా ఉంటే ఎగువకు తల ఉండేట్టు పడుకోబెడతాడు. ప్లీచర్ అనిపించుకునే ఆ వాలిన కాండం చావదు, ఎందుకంటే వేరు నుంచి నీరు పైకి పోవడానికీ, ఆకులో తయారైన ఆహారం కిందికి రావడానికీ అవసరమైన కణజాలం బెరడు కిందనే ఉంటుంది. చేవ అంతా తెగినా ఆ పలుచని పట్టీ మిగిలితే చాలు. నరికిన మోడును వాలుగా నున్నగా చెక్కడం కూడా అంతే ముఖ్యం, వాన నీరు నిలిస్తే అది కుళ్ళుతుంది, జారిపోతే అక్కడినుంచే కొత్త చిగుళ్ళు నిటారుగా లేచి రేపటి కంచె అవుతాయి. పరుండబెట్టిన కాండాల నడుమ సుమారు మూరెడు దూరానికొక గూటం దిగగొట్టి, వాటి తలలను కలుపుతూ హేజెల్ బద్దలను జడలా పేనితే కంచె గాలికి కదలదు.

ఈ పనిలో ప్రాంతానికొక బాణీ ఉంది. బరువైన ఎడ్లు ఒరుసుకునే మిడ్‌లాండ్స్ ప్రాంతంలో ముళ్ళకొసలన్నీ పశువుల వైపుకు తోసి, వెనుక భాగాన్ని నున్నగా ఉంచుతారు. గొర్రెలు ఎక్కువగా ఉండే వేల్స్ సరిహద్దుల్లో కంచెను పొట్టిగా, రెండు వైపులా దట్టంగా అల్లుతారు. డెవన్‌లో అయితే కంచె ఉండేది నేల మీద కాదు, ఎత్తైన మట్టికట్ట మీద. అమెరికాలో 1874లో జోసెఫ్ గ్లిడెన్ ముళ్ళతీగకు పేటెంటు పొందాక, తరువాతి దశాబ్దాల్లో ట్రాక్టర్లూ వచ్చాక ఈ విద్య దాదాపు మరుగున పడింది. రెండో ప్రపంచయుద్ధం తరువాత బ్రిటన్‌లో పెద్ద యంత్రాలకు అడ్డమని, ప్రభుత్వ సహాయంతోనే ఎన్నో మైళ్ళ కంచెలు పెరికివేశారు. 1978లో జాతీయ కంచె అల్లికదారుల సంఘం ఏర్పడి, పోటీలూ శిక్షణలూ పెట్టడంతో చేతిపని తెలిసినవారు మళ్ళీ తయారయ్యారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1997 నాటి నిబంధనల ప్రకారం ముప్పై ఏళ్ళు దాటిన పొలంకంచెను సాధారణంగా స్థానిక అధికారులకు తెలియజేయకుండా తొలగించరాదు. 2024లో వచ్చిన మరో నిబంధనావళి పక్షులు గూళ్ళు కట్టే మార్చి 1 నుంచి ఆగస్టు 31 వరకు ఇంగ్లండు వ్యవసాయ భూముల్లో కంచెలు కోయడాన్ని నిషేధించింది. ఐర్లండు వన్యప్రాణి చట్టంలోనూ ఇవే తేదీలు.

బ్లాక్‌థార్న్‌తో పనిచేసేవారు మోచేతి దాకా మందపాటి తోలు తొడుగులు వేసుకోవడం ఆడంబరం కాదు. ముల్లు గుచ్చుకున్నప్పుడు దాని కొస లోపలే విరిగిపోతుంది. కీలు దగ్గర, ముఖ్యంగా వేలి కణుపులోనో మోకాలిలోనో అలా మిగిలిన ముక్క వారాల తరువాత వాపుగా, నొప్పిగా బయటపడుతుంది. చెక్కముక్క కనుక మామూలు ఎక్స్‌రేలో కనపడదు. అల్ట్రాసౌండుతోనో ఎమ్మారైతోనో గుర్తించి, శస్త్రచికిత్సతో తీసేదాకా కొందరికి ఆ వాపు తగ్గదు. చిన్న ముల్లే కదా అని ఊరుకోకూడదని అక్కడి వైద్యులు హెచ్చరించేది అందుకే.

రోగాల బాధ ఈ పొదకు తక్కువే. చూడగానే వింత గొలిపేది మాత్రం ఒకటుంది. టఫ్రైనా ప్రూని అనే శిలీంధ్రం పూత దశలోనే పిందెలోకి చేరితే, గుండ్రంగా నల్లబడవలసిన కాయ లేత ఆకుపచ్చ రంగులో పొడుగ్గా, వంకరగా సాగి, లోపల టెంక లేని బోలు తిత్తిగా మారుతుంది; పైన బూడిదరంగు పొడి పట్టి, చివరికి ముడతలు పడి రాలిపోతుంది. వాటిని కోసి దూరంగా పారవేయడం తప్ప పెద్ద చికిత్స లేదు, ఒక్క ఏటి కాపు తగ్గడం తప్ప పొదకు పెద్ద ప్రమాదమూ లేదు.

సరిగా నిర్వహించిన కంచెలో సెప్టెంబరు నుంచి పండ్లు ముదురు నీలిరంగుకు తిరుగుతాయి. సెంటీమీటరుకు కాస్త మించిన వ్యాసంతో, వేలితో తుడిస్తే పోయే మైనపు బూడిదపూతతో ఉండే ఆ పండులో కండ తక్కువ, టెంక ఎక్కువ. వగరుకు కారణం టానిన్లు. నోటిలోని లాలాజలపు ప్రోటీన్లను అవి పట్టి బిగించడం వల్లే నాలుక ఆరిపోయినట్టవుతుంది. తొలి గడ్డమంచు పడ్డాకే పండు కోయాలన్న పాత నియమానికి ఆధారం లేకపోలేదు, మంచుకు పండులోని కణాల గోడలు పగిలి రసం సులువుగా ఊరుతుంది, పండు మెత్తబడుతుంది. అయితే అంతదాకా ఆగితే ఉత్తరాన్నుంచి వలస వచ్చే రెడ్‌వింగ్, ఫీల్డ్‌ఫేర్ పక్షులు ఆగవు. కనుక ఈనాటి గృహిణులు అక్టోబరులోనే కోసుకొచ్చి, ఫ్రీజరులో ఒక రాత్రి ఉంచి, మంచు పని దానిచేత చేయిస్తున్నారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో అడవి పండ్లను సొంత వాడకానికి కోసుకోవడం 1968 నాటి చౌర్య చట్టం ప్రకారం దొంగతనం కాదు; అమ్మడానికి కోస్తే మాత్రం వేరే సంగతి, అనుమతి లేకుండా ఒకరి పొలంలో అడుగుపెట్టడం మరీ వేరే సంగతి. ఆ దేశంలో ఉంటూ పిల్లలతో కాలిబాటల వెంట తిరిగే తెలుగు కుటుంబాలకు ఈ తేడా తెలిసి ఉండటం మంచిది. టెంకను కొరకడం, పగలగొట్టి గింజ తినడం చేయకూడదు. చేదు బాదంలో ఉండే అమిగ్డలిన్ అనే పదార్థమే ఇందులోనూ ఉంది, అది కడుపులో సయనైడును విడుదల చేస్తుంది.

ఈ పండును మనిషి వాడుకోవడం నిన్నమొన్నటిది కాదు. 1991లో ఆల్ప్స్ పర్వతాల మంచులో బయటపడిన, అయిదు వేల ఏళ్ళకు పైబడిన ఊట్జీ అనే మంచుమనిషి దేహం దగ్గర ఒక స్లో పండు కూడా దొరికింది. ఇంగ్లండులో ఇప్పుడు దీని ప్రధాన గమ్యం స్లో జిన్: పండ్లకు సూదితో గాట్లు పెట్టి, పంచదారతో కలిపి, జిన్‌లో మూడు నెలలైనా ఊరనిస్తే ముదురు ఎరుపు పానీయం తయారవుతుంది. స్పెయిన్‌లోని నవారా ప్రాంతంలో సోంపు పరిమళపు సారాలో నానబెట్టి పచరాన్ అనే పానీయం చేస్తారు, దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మద్యం ముట్టనివారు ఆపిల్ పండ్లతో కలిపి జెల్లీ వండుకుంటారు. పంచదార టానిన్ల పొగరు కొంత అణచినా, వెనుక మిగిలే వగరే ఆ జెల్లీకి ప్రత్యేకత. ఆకులది వేరే కథ. 18వ శతాబ్దపు బ్రిటన్‌లో టీ మీద పన్ను మోయలేనంత ఉన్న రోజుల్లో, ఎండబెట్టి రంగు వేసిన బ్లాక్‌థార్న్ ఆకులను టీ ఆకులో కల్తీ చేసేవారు. ఆ కల్తీని అరికట్టడానికి పార్లమెంటు చట్టాలు చేయవలసి వచ్చింది.

కోసిన కంప కూడా వృథా పోదు. నిటారుగా ఎదిగిన కాండాన్ని బెరడుతో సహా ఆరబెట్టి, ఐరిష్ వారు షిలేలా అనే గుదియ చేసుకునేవారు. రాయల్ ఐరిష్ రెజిమెంటు అధికారులు ఈనాటికీ బ్లాక్‌థార్న్ కర్ర పట్టుకుంటారు. వీటన్నింటికన్నా విచిత్రమైన వాడకం జర్మనీ, పోలండ్ దేశాల పాత ఉప్పు కొటారులలో కనిపిస్తుంది. మన తీరంలో ఉప్పుమడిలోకి నీరు పెడితే ఎండే దానిని ఇగర్చి ఉప్పు చేస్తుంది. అంత ఎండ లేని ఆ దేశాల్లో పలుచని ఉప్పునీటిని నేరుగా కాచి ఇగర్చాలంటే అడవులే తగలబెట్టాలి. అందుకని ఎత్తైన కొయ్యచట్రాల నిండా బ్లాక్‌థార్న్ కంపను కుక్కి గోడలా నిలబెట్టి, పైనుంచి ఉప్పునీటిని చుక్కలు చుక్కలుగా వదిలేవారు. వేలాది ముళ్ళ మీద చీలిపోతూ దిగే నీటి నుంచి గాలికే చాలా భాగం ఆవిరైపోయి, అడుగుకు చేరేసరికి చిక్కటి ఉప్పునీరు మిగిలేది. నీటిలోని సున్నం, జిప్సం ముళ్ళ మీదే పేరుకొని గట్టిపడేవి. జర్మనీలోని బాద్ డ్యూరెన్‌బర్గ్‌లో 636 మీటర్ల పొడవైన అటువంటి గోడ ఉంది. పోలండ్‌లోని చెకోచినెక్ గోడలు 19వ శతాబ్దంలో కట్టినవి. ఉప్పు తయారీ చాలాచోట్ల ఆగిపోయినా, ఆ గోడల పక్కన తేలే ఉప్పుగాలి ఊపిరితిత్తులకు మంచిదన్న నమ్మకంతో వచ్చే సందర్శకుల కోసం వాటిని ఇంకా నడుపుతున్నారు. ముళ్ళ మీద రాయిలా పేరుకున్న పొర గాలి పోకుండా అడ్డుపడినప్పుడల్లా పాత కంప తీసివేసి, కొత్తగా నరికిన బ్లాక్‌థార్న్ మోపులు చట్రాలలో సర్దుతారు.